తెలుగింటి మందులు – వాని హద్దులు

గ్రామ గ్రంథాలయములలో చేతులు మారి మారి అంచులు నలిగిన పుస్తకములను వెదకినచో, పురాణములకును నవలలకును తోడుగా గృహవైద్య గ్రంథములు కూడ కానవచ్చును. బిడ్డకు దగ్గు పట్టిన రాత్రియో, ఇంటి పెద్దకు కీళ్లు పట్టిన వానకాలముననో ఆ పుస్తకము ఇల్లు చేరును. పాఠకుడు ఒక పుట చూచుకొని మూసివేయును. ఆ పుటలో రోగము పేరుండును, ఆకు పేరుండును. ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి కూడదు అను మూడు మాటలు మాత్రము పెక్కు పుస్తకములలో ఉండవు. తెలుగువారి ఇండ్లలో ఈ మూడు మాటలును ఒకప్పుడు ఎచ్చట నిలిచి యుండెను, ఏ మార్గమున జారిపోయెను అను విషయమును ఎవరును అంతగా పట్టించుకొనలేదు. ఆకుల మహిమను గూర్చిన రచనలకు కొదువ లేదు గాని, వాని హద్దులను గూర్చిన చరిత్ర అరుదు.

శాస్త్రకారులు ఈ హద్దును ఆదినుండియు ఎఱిగినవారే. చరకసంహిత సూత్రస్థానము మొదటి అధ్యాయముననే రెండు సంగతులు కలవు. మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, ఆవుల కాపరులు, వనచరులు ఓషధుల పేర్లను రూపములను ఎఱుగుదురనియు, పేరును రూపమును ఎఱిగినంతమాత్రమున ఓషధి ప్రయోగము తెలిసినట్లు కాదనియు మొదటిది. తీక్ష్ణమైన విషము సైతము యుక్తిచే వాడినపుడు ఔషధమగుననియు, ఔషధమే అయినను యుక్తి తప్పినచో విషమగుననియు రెండవది. ఆకులన్నియు నిరపాయములని నేడు అంగళ్లలో వినవచ్చు మాటను ఆయుర్వేదముపై మోపుట ఆ శాస్త్రమునకు చేయు అపచారము. ఆ శాస్త్రము అట్టి మాట ఎన్నడును పలుకలేదు.

తెలుగునాట వైద్యుల చేతులలో మెలగిన గ్రంథములలో బసవరాజీయము, ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణి పేరుగన్నవి. బసవరాజీయమున ఇరువదియైదు ప్రకరణములు కలవు. సంస్కృత శ్లోకములకు తెలుగు వివరణ జతపడి యుండుటచే పల్లె వైద్యునకు అది కొంగుబంగారమైనది. అయితే అది గురుముఖమున నేర్చినవానికై వ్రాసిన గ్రంథము. ముష్టి గింజను గాని, వసనాభి దుంపను గాని శుద్ధి చేయనిదే వాడరాదని శిష్యునకు గురువు చేతితో చేసి చూపెడివాడు. గోమూత్రమున నాన్చుట, పాలలో ఉడికించుట, పొట్టు తీసి నేతిలో వేయించుట, ఇవన్నియు చూచి నేర్చిన పనులే గాని చదివి నేర్చినవి కావు. అచ్చు పుస్తకములు వచ్చిన తరువాత శిష్యుడు కానివాని చేతికిని గ్రంథము చేరినది. గురువు మాత్రము పుస్తకము వెంట రాలేదు.

వైద్యుని సంగతి అటుండగా, ఇంటి వైద్యము స్త్రీల చేతిది. తల్లి, అత్త, అమ్మమ్మ, మంత్రసాని, వీరు ఏ గ్రంథమును చదువలేదు. అయినను వారి పనిలో ఎంత జాగ్రత్త ఇమిడి యుండెనో తెలియుటకు వంటాముదమొక్కటి చాలును. ఆముదపు గింజలో రిసిన్ అను ఘోరమైన విషము కలదు. 1888లో స్టిల్‌మార్క్ అను పండితుడు దానిని వేఱుపఱచి ఆ పేరు పెట్టెను. కొద్ది గింజలు నమలినను పసివానికి ప్రాణాపాయము కలుగవచ్చును. తెలుగు ఇల్లాండ్రు ఆ గింజలను వేయించి, దంచి, నీళ్లు పోసి బాగుగా కాచి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మరల కాచి తేమ పోగొట్టెడివారు. రిసిన్ మాంసకృత్తు జాతికి చెందినది. వేడికి చెడిపోవును, నూనెలో కరగదు. కావున విషము నీటిలోను పిప్పిలోను ఉండిపోయి, తైలము శుద్ధమై చేతికి వచ్చెడిది. రసాయనశాస్త్రము పేరు కూడ విననివారు రసాయనశాలలో చేయదగిన పనిని పొయ్యిమీద చేసిరి. ఆ పిప్పిని పశువులకు పెట్టక ఎరువుగా వేయుటయు ఆ ఎఱుకలోనిదే.

అయినను పెద్దలు చేసినదెల్ల మేలని చెప్పుటకు వీలులేదు. ఉగ్గుగిన్నె సంగతి చూడవలెను. చనుబాలలో ఆముదము కలిపి పసిబిడ్డకు పోయుట తెలుగునాట ఎంత పాతుకొనిపోయినదనగా, చిన్ననాటనే అబ్బిన విద్యను ఉగ్గుపాలతో అబ్బినదని నేటికిని చెప్పుకొందురు. బిడ్డను కాళ్లపై పరుండబెట్టి, ఏడ్చుచుండగా ముక్కు మూసి గొంతులో పోయుట కొన్ని ఇండ్లలో అలవాటు. అట్లు పోసిన నూనె పొట్టలోనికి గాక ఊపిరితిత్తులలోనికి దిగినచో, నెమ్ము వంటి జబ్బు కలుగును. నూనె కరగదు గనుక అది సామాన్యముగా మానదు. దక్షిణభారతమున పసిబిడ్డలకు ఇట్లు కలిగిన జబ్బును గూర్చిన వ్యాసమొకటి 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటితమైనది. అంతకు పూర్వము ఎందరు బిడ్డలు ‘పాలు పొరబోయి’ పోయినారని ఊరివారు చెప్పుకొనిరో, అందులో ఎందరు ఈ విధముగా పోయిరో లెక్క లేదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరు కూడ అక్కఱలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుండి చెప్పుచున్నది. ఉగ్గుగిన్నె అటకపై నుండుటయే బిడ్డకు క్షేమము. తేనె మాటయు అంతియే. ఏడాది నిండని బిడ్డ ప్రేవులలో తేనెలోని ఒక జాతి సూక్ష్మజీవి పెరిగి కండరములను చచ్చుపఱచు విషమును పుట్టించునని 1976 తరువాత అమెరికా వైద్యులు కనుగొనిరి. పిల్లలకు మందు రంగరించుటకు తేనెను మించినది లేదని నమ్మిన పెద్దలకు ఇది తెలియు మార్గము లేకపోయెను.

ఇక వస కథ. ఈ ఒక్క కొమ్ము చరిత్రయే గృహవైద్యపు మంచిచెడ్డలను రెంటిని చూపగలదు.

నీటి పట్టున పెరుగు ఈ మొక్క దుంపను ఎండబెట్టి వసకొమ్మని అమ్ముదురు. బిడ్డకు కడుపు నొప్పి వచ్చినను, అజీర్ణమైనను, మాటలు ఆలస్యమైనను వస నాకించుట వాడుక. గలగల మాటలాడు పిల్లను వసపిట్ట యనుటయు దాని వలననే. కొందరు కొమ్మును దీపముపై కాల్చి, కొందరు కాల్చకయే, సానరాతిపై చనుబాలతో అరగదీసి వేలికొనతో నాలుకకు రాసెడివారు. కొలత గిన్నెతో కాదు, రాతిపై కొమ్మును త్రిప్పిన చుట్లతో. నెలల బిడ్డకు ఒకటి రెండు చుట్లు, ఏడు గడచినవానికి మఱియొకటి, అదియు దినదినము కాదు. మోతాదు మించినచో వస వాంతులు చేయించునని తల్లులకు అనుభవముచే తెలియును.

కుంపిణీ కాలమున మదరాసు రాజధానిలో పనిచేసిన వైట్‌లా ఎయిన్‌స్లీ అను వైద్యుడు 1813లో ఈ దేశపు ఔషధద్రవ్యములపై మదరాసున ఒక గ్రంథము ప్రకటించెను. అందు అరవ పేర్లతోబాటు తెలుగు పేర్లను కూడ చేర్చెను. వసను గూర్చి ఆయన వ్రాసిన సంగతి వింతయైనది. పిల్లల కడుపునొప్పులకు ఈ కొమ్ము ఎంత అవసరమని ప్రజలు తలంచిరనగా, నడిరేయి వచ్చి అడిగినను తలుపు తీసి వస అమ్మని అంగడివానికి జరిమానా విధించు ఆచారము కలదట. ఒక పెరటి మందునకు ఇంతటి గౌరవము మఱియొక దేశమున దొరకినదో లేదో.

అటువంటి వసపై ఇరువదవ శతాబ్దిలో పరీక్షలు జరిగినవి. భారతదేశపు వస నుండి తీసిన తైలమును ఎలుకలకు దీర్ఘకాలము పెట్టగా వానికి వ్రణములు పుట్టినవి. 1968లో అమెరికా ప్రభుత్వము వసను, దాని తైలమును ఆహారపదార్థములలో కలుపుట నిషేధించెను. దోషమునకు కారణము బీటా అసరోన్ అను ద్రవ్యము. అమెరికాలో సహజముగ పెరుగు వస జాతిలో అది లేదు. ఐరోపా వసలో స్వల్పము. భారతదేశపు వసలో మిక్కుటము. ఏ నేల తల్లులు దానిని బిడ్డలకు నాకించిరో, ఆ నేల మొక్కలోనే దోషము హెచ్చుగా నుండుట విధివైపరీత్యము. ఏడాదికి నాలుగు మారులు వేలికొనతో నాకించిన దానికిని, తైలమును నెలల తరబడి పెట్టిన ఎలుకకును సామ్యము లేదని ఆయుర్వేద వైద్యులు వాదించుట కలదు. ఆ వాదమున కొంత న్యాయము లేకపోలేదు. కాని వేలికొన పోయి పొడి డబ్బా వచ్చినది. సానరాతి చుట్టు పోయి చెంచా వచ్చినది. చుట్లు లెక్కపెట్టిన చేయి లేనప్పుడు పసిబిడ్డకు వస పెట్టకుండుటయే ఉచితము.

ఎయిన్‌స్లీకి పూర్వమే తెలుగు తీరమున ఇద్దరు పండితులు ఇట్టి విషయములను పరిశీలించిరి. వారిలో విలియం రాక్స్‌బర్గ్ 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండెను. అచ్చట తోట వేసి, దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, తెలుగు పేర్లు అడిగి వ్రాసికొనెను. కోరమండల తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795 నుండి మూడు సంపుటములుగా, మున్నూరు చిత్రములతో వెలువడెను. గోదావరి మండలపు కొండలలో జ్వరమునకు వాడు సోమిద చెట్టు బెరడు ఆయన దృష్టిని ఆకర్షించెను. సింకోనా బెరడు సముద్రములు దాటి రావలసిన ఆ కాలమున ఈ బెరడు దానికి బదులు కాగలదని ఆయన ఆశపడెను. వృక్షశాస్త్రమున ఆ చెట్టు జాతికి నేటికిని ‘సోయ్‌మిడ’ అను తెలుగు పేరే నిలిచి యున్నది. అయితే ఆ బెరడు పొడి దినమునకు నాలుగైదు డ్రాముల కొలతను, అనగా సుమారు పదునైదు ఇరువది గ్రాములను మించినచో తల తిరిగి మత్తు కలుగుచున్నదని ఎయిన్‌స్లీ గుర్తించి వ్రాసెను. సోమిదను గూర్చి చెప్పువారు మొదటి సంగతి చెప్పి రెండవది విడిచిపెట్టుట పరిపాటి.

రెండవవాడు విశాఖపట్టణమున నుండిన పేట్రిక్ రస్సెల్. ఆయన కోరమండల తీరపు పాములపై 1796లో గ్రంథము వెలువరించెను. రక్తపింజరను ఆయన ‘కాటుకరేకుల పొడ’ అను తెలుగు పేరుతోనే వర్ణించెను. విషమునకు విరుగుడని ప్రసిద్ధికెక్కిన మందులను జంతువులపై పరీక్షించి చూచిన తొలివారిలో ఆయన ఒకడు. ఆ పరీక్షలు జరిగి రెండు వందల ఏండ్లు దాటినను పాము కాటునకు పసరు పోయుట పల్లెలలో పూర్తిగ మాసిపోలేదు. విషము లేని పాము కరచినవాడు ఏ పసరు త్రాగినను బ్రదుకును. పేరు పసరునకు దక్కును. 1896లో ఫ్రెంచి దేశపు కాల్మెట్ ప్రకటించిన సీరం వైద్యమే నాగుపాము, కట్లపాము, రక్తపింజరల విషమునకు నేటికిని దిక్కు. ఈ ఒక్క విషయమున ఆకును నమ్ముట ప్రాణముతో చెలగాటము.

కాలక్రమమున ఇంటి వైద్యము అచ్చులోనికి వచ్చినది. లైప్జిగ్ నివాసి లూయీ కూనే నీటితోడను పథ్యాహారముతోడను రోగములు మాన్పవచ్చునని వ్రాసిన గ్రంథమును ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు 1894లోనే తెనిగించిరి. ప్రకృతి చికిత్సపై భారతీయభాషలలో వచ్చిన తొలి గ్రంథములలో అది యొకటి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తేటతెనుగున పల్లెలకు చేర్చెను. ఆ మండలి రచయితలలో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఒకరు. మదరాసున డాక్టరు కె. ఎన్. కేసరిగారు ఔషధములు తయారుచేయుచు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించిరి. స్త్రీలు చదువుటకై వచ్చిన ఆ పత్రిక పెక్కు ఇండ్లకు చేరెను. కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో 1893లో అమృతాంజనమును నెలకొల్పిరి. ఆ లాభముల నుండియే ఆంధ్రపత్రిక పుట్టినది, ఆంధ్ర గ్రంథమాల పుట్టినది, గ్రంథాలయోద్యమమునకు ఆయన దాతృత్వము లభించినది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు పుస్తకమైన కథ ఇది.

అమృతాంజనము వంటి లేపనములలో కర్పూరము ఉండును. చర్మముపై పూయుటకు అది మేలే. పసిబిడ్డ ముక్కు రంధ్రములలో పూసినను, కర్పూరపు బిళ్ల బిడ్డ నోట వేసికొనినను ముప్పు. కడుపులో పడిన కొద్దిసేపటికే ఫిట్లు రావచ్చును. పూజగదిలోని హారతి కర్పూరమును, వంటలోని పచ్చకర్పూరమును తెలుగువారు వేఱువేఱు పేర్లతో పిలుచుట అకారణము కాదు. రెండు డబ్బాలను ఒకే అరలో ఉంచుట మాత్రము నేటి ఇండ్లలో తఱచు.

మదరాసు ప్రభుత్వము 1918లో డాక్టరు కోమన్‌ను దేశీయ ఔషధముల పరిశీలనకు నియమించెను. ఆయన నివేదికలు దేశీయ వైద్యమునకు ప్రతికూలముగ నుండుటచే వైద్యులలో అలజడి పుట్టెను. దానిపై 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతను, డాక్టరు జి. శ్రీనివాసమూర్తిగారు కార్యదర్శిగా ఒక సంఘమేర్పడి, 1923లో నివేదిక సమర్పించెను. తెలుగు వైద్యులును ఆ సంఘమునకు సమాధానములు పంపిరి. ఫలితముగ 1925లో మదరాసున ప్రభుత్వ భారతీయ వైద్య పాఠశాల వెలసెను. ఇవన్నియు వైద్యుల హక్కులను గూర్చిన పోరాటములు. వంటింటి మందు గతి ఏమి, దానికి కొలత ఎవరు చెప్పవలెను అను ప్రశ్న అందులో ముఖ్యముగ రాలేదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవారు లక్ష్మీపతిగారే. 1880లో జన్మించి, పాశ్చాత్య వైద్యమున పట్టము పొంది, పిమ్మట ఆయుర్వేదమును అభ్యసించి, రెండు శాస్త్రములను ఒకే చూపుతో చూచినవారాయన. ఆయన సతీమణి రుక్మిణీ లక్ష్మీపతిగారు 1946-47లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున ప్రజారోగ్యశాఖ నిర్వహించిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ కూడ లక్ష్మీపతిగారితో ముడిపడి యున్నది. స్ప్రూ అను గ్రహణి రోగముచే సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు కొద్దిదినముల తేడాలో మరణించిరి. తామును ఆ రోగమున పడగా లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. వారు ఆ ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించి, ఆ పిమ్మట అమెరికా చేరిరి. 1945లో వారి నాయకత్వమున లెడర్లె పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లము తయారైనది. స్ప్రూ రోగమునకు అది మందైనది. తన ప్రాణము నిలిపిన చికిత్సపై కృతజ్ఞత ఒక యెత్తు, అదే రోగమునకు కారణమును వెదకిన పట్టుదల మఱియొక యెత్తు. ఈ రెండును ఒక్క మనిషిలో ఇమిడినవి.

ఇక ఇంటింటి కొలతలు మాఱిన సంగతి. పాత పుస్తకములలో మందు కొలత గురివింద యెత్తు, మినపగింజంత, తులము, అర్ధతులము అని యుండును. గురివింద యెత్తు సుమారు 0.12 గ్రాము. తులము 11.66 గ్రాములు. 1956 నాటి తూనికల చట్టము తరువాత గ్రాములు, కిలోలు వచ్చినవి. నేటి బంగారపు అంగళ్లలో తులమనగా పది గ్రాములే. గురివింద యెత్తు అను మాటను పల్లెలలో సైతము పిల్లలు ఎఱుగరు. పాత పుస్తకమును తిరిగి అచ్చువేసినవారు ఆ మాటలను అట్లే విడిచిరి. లేదా ‘చెంచాడు’ అని మార్చిరి. చెంచా ఇంటింటికి మాఱును. ముష్టి, వసనాభి చేరిన మందులలో గురివింద యెత్తునకును చెంచాకును గల తేడా బ్రదుకునకును చావునకును గల తేడాయే.

పేర్ల చిక్కు అంతకంటె పెద్దది. వస, వసనాభి అను రెండు మాటలకు రెండక్షరముల భేదము. మొదటిది పిల్లలకు నాకించిన కొమ్ము. రెండవది గుండెను నిలిపివేయు విషపు దుంప. రెండును ఎండిన వేళ్లుగా ఒకే అంగడిలో ఒకే వరుస డబ్బాలలో ఉండును. బ్రాహ్మి యనిన కొందరు సరస్వతి ఆకు ఇత్తురు, మఱికొందరు నీటి ఒడ్డున ప్రాకు వేఱొక మొక్కను ఇత్తురు. అడవి నుండి తెచ్చిన వేరును చూచి గుర్తుపట్టగల కాపరి నేడు అంగడిలో లేడు. కొట్లో పిల్లవాడు చీటీ చదివి పొట్లము కట్టును.

1964లో ఔషధముల చట్టమును సవరించి ఆయుర్వేద, యునానీ మందులను అందులో చేర్చిరి. నిబంధనలలో విషద్రవ్యముల పట్టిక కలదు. గురివింద, ఉమ్మెత్త, గన్నేరు, ముష్టి, వసనాభి అందులోనివి. అట్టివి చేరిన మందు డబ్బాపై వైద్యుని పర్యవేక్షణలో వాడవలెనను హెచ్చరిక ఉండవలెను. పెరటిలో కోసిన ఆకుపై ఎవరు అచ్చువేయుదురు? చట్టము అంగడి వరకే వచ్చి ఆగినది. 2004లో అమెరికాలోని బోస్టను ప్రాంతపు అంగళ్లలో అమ్మిన 70 రకముల ఆయుర్వేద మందులను పరీక్షింపగా 14 రకములలో సీసము, పాదరసము, పాషాణములలో ఏదో ఒకటి బయల్పడెను. తరువాత 2006 నుండి ఎగుమతి మందులకు లోహపరీక్ష విధిగా చేసిరి. పరాయిదేశమునకు పోవు డబ్బాకు ముందుగా చూపిన శ్రద్ధ ఇంటిబిడ్డ త్రాగు డబ్బాకు చూపకుండుట శోచనీయము.

పసరు మందును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. కామెర్లకు పసరు పోయుట తెలుగునాట ప్రతి తాలూకాలో పేరుగన్న పని. నేల ఉసిరి అందులో ప్రధానము. 1988లో మదరాసు పరిశోధకులు హెపటైటిస్ బి క్రిమి రక్తములో నిలిచియున్నవారికి నేల ఉసిరి పొడి ఇచ్చి చూడగా, 37 మందిలో 22 మందికి ఆ క్రిమి గుర్తు మాయమైనదని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. లోకమంతయు ఆశతో చూచినది. తరువాత ఇతరదేశములలో జరిపిన పరీక్షలలో ఆ ఫలము కానరాలేదు. అయినను పసరు పోయువారి వద్ద జనము తగ్గకుండుటకు హేతువు కలదు. నీటి వలన వచ్చు కామెర్లు పెక్కుమందికి కొద్దివారములలో తమంత తామే తగ్గును. పసరునకు పేరు వచ్చును. పిత్తనాళమున రాయి అడ్డుపడిన కామెర్లు, కాలేయము లోలోపల గట్టిపడుచున్న కామెర్లు అట్లు తగ్గవు. చూచుటకు అన్నిటికిని కన్నులు పచ్చనే. ఏది ఏదో రక్తపరీక్ష లేక తెలియదు. పసరు త్రాగుచు గడపిన నెలలోనే అటువంటి రోగికి చేయి దాటిపోవును. కంటిలో పసరు పిండుట మఱియు ప్రమాదము. నల్లగ్రుడ్డుపై పుండు పడి చూపు పోవును.

వేప సంగతియు అట్టిదే. వేపపుల్లతో పండ్లు తోముకొనుట, వేపాకు నీళ్లతో స్నానము చేయుట తరతరములుగ నిరపాయముగ సాగినవి. ఉగాది పచ్చడిలోని వేపపూవు ఎవరికి చేటు చేసినది? గింజల నూనె వేఱు. 1981లో మలేషియా వైద్యులు భారతీయ కుటుంబముల పసిబిడ్డలకు వేపనూనె త్రాగించగా వాంతులు, మగత, ఫిట్లు కలిగి కాలేయము చెడిన వృత్తాంతమును ప్రకటించిరి. ఒకే చెట్టున పూవు పచ్చడికి పనికివచ్చుచు, గింజ నూనె పసివానికి ప్రాణాంతకమగుచున్నది.

అడ్డసరము ఆకు కషాయము దగ్గునకు మంచిదని పెద్దలన్నది అబద్ధము కాదు. దానిలోని సారమును పట్టుకొనియే నేడు కఫమును పలుచబఱచు బ్రోమ్‌హెక్సిన్ అను మందు తయారైనది. ఆ సారమే గర్భాశయమును సంకోచింపజేయును. కావున గర్భిణికి అడ్డసరము కూడదు. బాలింత కాయములో పడు శొంఠి, పిప్పలి, మిరియములు మామూలు మనిషికి వంటదినుసులే. పిప్పలి, మిరియములలోని పైపరీన్ ఇతర ఔషధములను రక్తములోనికి అధికముగ ఎక్కించునని జమ్ము పరిశోధనశాలవారు 1979లో తెలిసికొనిరి. ఆ గుణముతోనే క్షయమందు మోతాదు తగ్గించిన మాత్ర 2009లో వచ్చినది. మూర్ఛకు మాత్రలు మ్రింగుచున్నవాడు వైద్యునితో చెప్పక దినదినము ఆ పొడి తినినచో మాత్ర బలము తనకు తెలియకయే పెరుగును. ఆసుపత్రిలో అడిగినపుడు ‘ఏ మందులును వాడుటలేదు’ అనుట పల్లెవారి అలవాటు. కషాయమును వారు మందుగా తలంపరు. ఆ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కఱలేదు. వైద్యుడు కసరినను చెప్పియే తీరవలెను.

పిల్లవాడు తెలియక ఆముదపు గింజయో, పచ్చగన్నేరు కాయయో, ఉమ్మెత్త గింజయో నమలిన యెడల చింతపండు నీళ్లు, ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించుట పూర్వాచారము. నేటి వైద్యులు దానిని వలదనుచున్నారు. తెలివి తప్పుచున్న బిడ్డకు వాంతి ఊపిరితిత్తులలోనికి దిగును. ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనమును పిలుచుట ప్రథమ కర్తవ్యము. బిడ్డతోబాటు మిగిలిన గింజను, ఆకును, పొట్లమును, డబ్బాను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఎన్ని తినెను, ఎప్పుడు తినెను అను రెండు సంగతులు చీటీపై వ్రాసికొనిన మఱియు మేలు. ఏ చెట్టో తెలిసినచో వైద్యుడు వెదకులాటలో కాలము పోగొట్టక చికిత్స మొదలుపెట్టగలుగును.